అన్నం వద్దన్న ఏడు నెలలు



ఈ వారం మా ధ్యానం తిండి చుట్టూ తిరుగుతుంది. రాయాలని చాలాసార్లు అనుకుని, సిగ్గుపడి వాయిదా వేస్తూ వచ్చిన సంగతి ఇది. మా సంఘంలో వాళ్లకు ఇందులో సగం తెలుసు. మిగతా సగం కూడా వాళ్లకు తెలియాలని ఇద్దరం కూర్చుని రాస్తున్నాం.

పల్లెటూరి సేవలో ఉన్నవాళ్లకు సేవకుడి ఒంటిమీద కొవ్వు ఎక్కడినుంచి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. పొద్దున ఒక ఇంట్లో ప్రార్థన, అక్కడ టీ. ఆ టీలో చక్కెర తక్కువైతే ఆ ఇల్లాలికి నామోషీ. పదింటికి పుట్టినరోజు ప్రార్థన, కేకు ముక్క, దాని పక్కన మిక్చరు. మధ్యాహ్నం కొత్త ఇంటి ప్రతిష్ఠ, బిర్యానీ. సాయంత్రం ఆదరణ కూటం, అక్కడా భోజనం. "అయ్యగారూ, అమ్మగారూ, చేయి కడుక్కోండి" అంటే కాదనడానికి నోరు రాదు. మాది కృష్ణా డెల్టాలో వరి పండే ఊరు. బాపట్ల పరిశోధనా కేంద్రంలో పుట్టి 1986లో బయటికొచ్చిన బీపీటీ 5204, అదే సాంబా మసూరి, మా చుట్టుపక్కల ఇళ్లలో దానికి మించిన అన్నం లేదు. నాట్లు వేసేదీ కోత కోసేదీ మా సంఘస్థులే. ఇంటికెళితే పళ్లెంలో అన్నం గుట్టగా పోసి, నడుమ గుంట చేసి పప్పు వేస్తారు. గుట్ట చిన్నదైతే ప్రేమ చిన్నదైనట్టే.

అలా పద్దెనిమిదేళ్లు తిన్నాం. 2022 జూన్ నాటికి మాలో ఒకరు 94 కిలోలు, ఒకరు 81. ఎవరిది ఎంతో చెప్పం. ఒకరికి షుగరు వచ్చి ఆరేళ్లు, మూడు నెలల సగటు 8.6. మెట్లెక్కి పల్పిట్ దగ్గరికి వచ్చేసరికి మొదటి మాటకు ముందు ఆగి ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చేది. సంఘం దాన్ని భక్తిగా అనుకునేది కాబోలు.

అప్పటికే మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ కీటో తిండి మాట తెలియని ఊరు లేదు. అన్నం మానేసి కొవ్వు తింటే కొవ్వు కరుగుతుందని ఎవరో ఒకరు అద్దం ముందు నిలబడి పాత చొక్కా చూపించే వీడియో ప్రతి ఫోనులోనూ ఉంది. మా తోటి సేవకుడొకాయన మూడు నెలల్లో గుర్తుపట్టలేనంత మారిపోయాడు. మాకూ ఆశ కలిగింది. మొదలుపెట్టే ముందు మేము చేసిన ఒక మంచి పని, తెనాలిలో మాకు చాలాకాలంగా తెలిసిన డాక్టరు గారి దగ్గరికి వెళ్లడం. ఈ పనిని దయచేసి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే రావాలి.

ఆయన కిడ్నీ పరీక్ష, కొలెస్ట్రాల్ పరీక్ష రాశారు. రిపోర్టులు చూశాక, షుగరు ఉన్న మనిషి మాత్రల్లో గ్లిమెపిరైడ్ సగానికి తగ్గించారు. అన్నం ఒకేసారి మానేసి ఆ మాత్ర పాత మోతాదులోనే వేసుకుంటే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయట. రోజుకు రెండుసార్లు వేలు గుచ్చి చూసుకోమన్నారు. ఆ తరువాత ఒక కాగితం తీసుకుని మాకు అర్థమయ్యేలా చెప్పారు.

తిన్న అన్నం గ్లూకోజుగా మారుతుంది. వెంటనే ఖర్చుకాని దాన్ని ఒళ్లు గ్లైకోజెన్ అనే రూపంలో దాచుకుంటుంది, కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా. రోజు మొత్తంలో తినే పిండి పదార్థం 50 గ్రాముల లోపుకు దిగితే రెండు మూడు రోజుల్లో కాలేయంలో దాచింది అడుగంటుతుంది. గాదెలో ధాన్యం అయిపోయాక అటక మీది మూట దించినట్టు, అప్పుడు ఒళ్లు కొవ్వును దించుతుంది. కాలేయం ఆ కొవ్వులోంచి కీటోన్లు తయారుచేస్తే మెదడు కూడా వాటితో బండి లాగిస్తుంది. వండిన అన్నం 100 గ్రాముల్లో 28 గ్రాముల దాకా పిండి పదార్థమే. ఆ లెక్కన మామ్మలు పెట్టే ఒక్క పళ్లెం అన్నంతో రెండు రోజుల కోటా అయిపోతుంది.

మొదటి వారంలో ఒకరం మూడు కిలోలు, ఒకరం రెండున్నర తగ్గాం. మోకరించి స్తోత్రం చెప్పాం. డాక్టరు గారు ఫోనులో నవ్వారు. అది కొవ్వు కాదు, చాలావరకు నీళ్లేనట. గ్లైకోజెన్ ప్రతి గ్రాముతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అది ఖర్చవుతుంటే ఆ నీళ్లు కూడా పోతాయి, నీళ్లతో ఉప్పు పోతుంది. అందుకే ఆ వారమంతా తలనొప్పి, పిక్కలు పట్టేయడం, ఒకరి మీద ఒకరికి చిరాకు. నిమ్మకాయ నీళ్లలో ఉప్పు వేసుకుని తాగాం. నోరు వాసన వచ్చేది, గోళ్ల రంగు తుడిచే మందు వాసన. అది అసిటోనే, కీటోన్లలో ఒకటి. మందిరం బయట నిలబడి కరచాలనం చేసేటప్పుడు నోరు పక్కకు తిప్పుకునేవాళ్లం.

రెండో నెలనుంచి ఆకలే తగ్గిపోయింది. గుడ్లు, కోడికూర, కొరమీను, గోంగూర, బెండకాయ వేపుడు, అన్నిటిమీదా గానుగ కొబ్బరినూనె లేదా నెయ్యి. ఇంటి ఖర్చు పెరిగింది. కూలి చేసుకునేవాడు నెలంతా ఇలా తినలేడని అప్పుడే మాకు తట్టింది, తట్టి వెళ్లిపోయింది. నవంబరుకల్లా ఇద్దరం కలిసి 26 కిలోలు తగ్గాం. షుగరు సగటు 6.4కు దిగింది. ఆయాసం పోయింది. ఇది కల్పించి చెప్పడం లేదు, ఆ తిండిని తిట్టడానికీ ఇది రాయడం లేదు. మా ఇద్దరి ఒంట్లో అది పనిచేసింది.

తిన్నదాని సంగతి అది. తిననిదాని సంగతి వేరే ఉంది.

మా సంఘంలో పిడికెడు బియ్యం పద్ధతి ఇంకా నడుస్తోంది. పాత తల్లులు అన్నం వండేటప్పుడు ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి ప్రభువుకని వేరే డబ్బాలో పోస్తారు. ఆదివారం ఆ డబ్బాలు మందిరానికి వస్తాయి. అందులో కొంత లేనివాళ్లకు, కొంత పాస్టరు ఇంటికి. ఆ ఏడు నెలలు మా వంతు బియ్యం కూడా పంచేశాం. ఉదారంగా చేశామనే అనుకున్నాం. చెరువుగట్టు మీద ఒంటరిగా ఉండే మామ్మ, ఆమెది రేషన్ బియ్యమే, ఒక ఆదివారం ఆగి అడిగింది.

"అయ్యగారూ, మా బియ్యంలో పురుగు గానీ వచ్చిందా?"

లేదమ్మా, డాక్టరు అన్నం తినొద్దన్నారు అని చెప్పాం. ఆమె తల ఊపింది. తరువాతి నెల ఆమె ఇంట్లో ప్రార్థన. అన్నం వండి, ఎండుచేపలు వంకాయ కూర చేసి, పీట వేసి పిలిచింది. కూర ఒక్కటే గిన్నెలో వేయమని తిన్నాం. అన్నం అలాగే కుండలో ఉండిపోయింది. మేము వెళ్లిపోయాక ఆ రాత్రి ఆమె కూడా తినలేదని పక్కింటివాళ్లు తరువాత చెప్పారు.

ప్రభువు డెబ్బదిమందిని ఊళ్లమీదికి పంపినప్పుడు వాళ్లకు సంచి, జోడు గురించి చెప్పి, ఇంకో మాట కూడా చెప్పాడు, లూకా 10వ అధ్యాయంలో ఉంది: ఏ ఊరివాళ్లు చేర్చుకుంటే అక్కడ మీ ముందు పెట్టింది తినండి అని. ఈ వాక్యం మీద మేమే రెండుసార్లు ప్రసంగం చేశాం. సారెపతు విధవరాలి దగ్గర ఉన్నది తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. ఏలీయా "పిండి వద్దమ్మా, నూనె చాలు" అనలేదు. నవ్వొచ్చే మాటే గానీ, ఆ నెలల్లో మేము ఊళ్లో తిరిగింది సరిగ్గా అలాగే. ఒక ఆదివారమైతే ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముక్క చేతిలో పట్టుకుని ఇది ఎన్ని గ్రాములుంటుందో అని మనసులో లెక్క వేసుకున్నాం. లెక్క వేసింది మాలో ఒకరే. ఆ రాత్రి ఒప్పుకుంటే, రెండోవారు "నేనూ వేశాను" అన్నారు.

ఇప్పుడు అసలు సంగతి.

నవంబరు చివర మా సంఘంలో కోతల పండుగ. గుమ్మడికాయలు, కోళ్లు, కొబ్బరికాయలు, ధాన్యం బస్తాలు బలిపీఠం ముందు పెట్టి, ఆరాధన తరువాత వేలం వేస్తారు. ఆ రోజు సాక్ష్యాలు కూడా చెబుతారు. మమ్మల్నీ చెప్పమన్నారు. అందరూ చూస్తున్నదే కదా, పాత ఫోటో చూపించి చెప్పాం. అన్నం మానాం, ప్రభువు సహాయం చేశాడు, 26 కిలోలు తగ్గాం, షుగరు దిగింది. అంతటితో ఆగితే మేము బోధకులం ఎలా అవుతాం? మార్కు 9వ అధ్యాయం తెరిచాం. మూర్ఛలా వచ్చి నిప్పులోనూ నీళ్లలోనూ పడిపోయే చిన్నవాడు, శిష్యుల చేత కాలేదు, ప్రార్థన కావాలన్నాడు ప్రభువు. కొన్ని పాత ప్రతుల్లో ప్రార్థనతోపాటు ఉపవాసం అనే మాట కూడా ఉంది. దానికి మేము చదివిన చరిత్ర జోడించాం. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం బాటిల్ క్రీక్ అనే ఊళ్లో హ్యూ కాంక్లిన్ అనే ఆయన మూర్ఛరోగం ఉన్న పిల్లల్ని రోజుల తరబడి నీళ్లమీదే ఉపవాసం ఉంచేవాడు. కొందరికి ఫిట్లు తగ్గాయి. పిల్లల్ని ఎంతకాలమని పస్తుంచగలరు? 1921లో మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ అనే డాక్టరు, పస్తు ఉండకుండానే ఒళ్లు పస్తులో ఉన్నట్టు నడిచే తిండి ఒకటుందని, పిండి పదార్థం తగ్గించి కొవ్వు పెంచాలని ప్రతిపాదించి, దానికి కీటోజెనిక్ డైట్ అని పేరు పెట్టాడు. ఈ రోజు ఒళ్లు తగ్గడానికి వాడుతున్నది మూర్ఛ ఉన్న పసిపిల్లల కోసం పుట్టింది. "చూశారా ప్రియులారా, వైద్యులు ఉపవాసం దగ్గరికే వచ్చారు" అన్నాం. స్తోత్రాలు బాగా పలికాయి.

చెప్పనివి రెండున్నాయి. ఆ తిండిని ఆ డాక్టర్లు పిల్లలకు గ్రాముల్లో తూచి, పక్కనుండి చూసుకుంటూ పెట్టారు. అది చెప్పలేదు. మేము మొదలుపెట్టే ముందు తెనాలి వెళ్లామనీ, పరీక్షలు చేయించామనీ, మాత్ర సగానికి తగ్గించారనీ చెప్పలేదు. మరిచిపోలేదు. సాక్ష్యం చెప్పేటప్పుడు మధ్యలో డాక్టరు వస్తే దేవుని మహిమ తగ్గుతుందని మనకొక అలవాటు పడిపోయింది. పౌలు కొలొస్సయులకు రాస్తూ చివర్లో వందనాలు చెప్పినవాళ్లలో లూకాను వైద్యుడని చెప్పి మరీ చేర్చాడు. మేము మా డాక్టరు గారిని కత్తిరించేశాం.

వింటున్నవాళ్లలో మా సంఘ పెద్ద ఒకాయన ఉన్నారు. 63 ఏళ్లు, పద్నాలుగేళ్లుగా షుగరు. మాటకు నిలబడే మనిషి, మందిరం పైకప్పు వేసేటప్పుడు తన పొలం మీద అప్పు తెచ్చినవాడు. ఆయన మరుసటి రోజే అన్నం మానేశారు. వారం వారం బెల్టు ఇంకో కన్నం లోపలికి వెళ్లింది. "ఆకలే వేయట్లేదు అయ్యగారూ" అని సంతోషంగా చెప్పేవారు. అదే మాకూ జరిగింది కదా అని భుజం తట్టాం.

డిసెంబరు 29, 30, 31 మాకు సంవత్సరాంతపు ఉపవాస ప్రార్థనలు. చాలామంది సాయంత్రానికి విడుస్తారు. ఆయన మూడు రోజులూ నీళ్లమీదే ఉన్నారు. మాత్రలు మాత్రం మానలేదు. మాత్రలు మానడం అవిశ్వాసులు చేసే పిచ్చిపని అని ఆయన నమ్మకం. ముప్పై ఒకటో తారీకు రాత్రి ఆరాధనలో చివరి వరసలో కూర్చుని రెండుసార్లు లేచి బయటికి వెళ్లారు. వాంతులు. ఉపవాసం వల్ల పైత్యం అనుకున్నాం. పన్నెండింటికి అందరూ ఒకరికొకరు నూతన సంవత్సర శుభాకాంక్షలు చెప్పుకుంటుంటే ఆయన గోడకు ఆనుకుని పెద్దగా, లోతుగా ఊపిరి తీస్తున్నారు, పరుగెత్తి వచ్చినవాడిలా. ఊళ్లో డాక్టరు వచ్చి వేలు గుచ్చి చూస్తే షుగరు 186. "షుగరు బాగానే ఉంది, గ్యాసు" అని ఇంజెక్షను చేశాడు. ఆ అంకె చూసి మేమూ ఊరట పడ్డాం. తెల్లవారి నాలుగింటికి ఆయనకు మాట తడబడింది. ఆటోలో తెనాలి, అక్కడినుంచి అంబులెన్సులో గుంటూరు.

ఐసీయూ బయట ఒక చిన్న వయసు డాక్టరమ్మ వచ్చి ఏ మాత్రలు వాడుతున్నారని అడిగింది. ఆయన భార్య ప్లాస్టిక్ సంచి విప్పి అట్టలన్నీ చూపించింది. ఆ అమ్మాయి ఒక అట్ట తీసి పక్కన పెట్టింది. డాపాగ్లిఫ్లోజిన్. 2020 అక్టోబరులో మన దేశంలో దాని పేటెంటు గడువు ముగిశాక ఎన్నో కంపెనీలు తయారుచేయడం మొదలుపెట్టాయి, ధర బాగా దిగింది, పల్లెటూళ్ల దాకా వచ్చింది. మంచి మందేనని ఆమే చెప్పింది. గుండెకూ కిడ్నీకీ కూడా మేలు చేస్తుందట. రక్తంలో ఎక్కువైన చక్కెరను మూత్రంలోకి తోసేయడం దాని పని.

"అన్నం తింటున్నారా?" అని అడిగింది.

ఐదు వారాలుగా లేదు, మూడు రోజులుగా ఏమీ లేదు అని చెప్పాం.

ఆమె మమ్మల్ని నిలబెట్టి చెప్పిన మాటలు ఇంచుమించు ఇవి. అన్నం మానినా, ఉపవాసం ఉన్నా ఎవరికైనా కీటోన్లు పెరుగుతాయి. ఒంట్లో ఇన్సులిన్ ఉన్నంతవరకు అది కళ్లెంలా పనిచేసి వాటిని హద్దులో ఉంచుతుంది. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవాళ్లలో ఆ ఇన్సులిన్ ముందే తక్కువ. ఈ మాత్ర చక్కెరను బయటికి పంపేస్తుంటే, పైగా తిండిలోనూ చక్కెర రాకపోతే, ఉన్న ఇన్సులిన్ ఇంకా తగ్గుతుంది. కళ్లెం తెగిపోతుంది. కీటోన్లు పెరిగి రక్తం ఆమ్లమైపోతుంది, ఆ ఆమ్లాన్ని బయటికి ఊదేయడానికే ఆ లోతైన ఊపిరి. మామూలుగా ఇలాంటి ప్రమాదంలో షుగరు బాగా పెరిగిపోయి ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. ఈ మాత్ర వాడేవాళ్లలో షుగరు పెద్దగా పెరగకుండానే ఇది రావచ్చు. అందుకే వేలు గుచ్చితే మోసపోతారు. శస్త్రచికిత్సకు కనీసం మూడు రోజుల ముందు దీన్ని ఆపిస్తామని, ఎక్కువ రోజులు పస్తు ఉండబోయేవాళ్లు కూడా ముందే డాక్టరును అడిగి ఆపాలని చెప్పింది.

లోపల ఆయనకు ఒక చేతికి ఇన్సులిన్, ఇంకో చేతికి గ్లూకోజు ఎక్కిస్తున్నారు. ఆయన కొడుకు అది చూసి గొడవపడ్డాడు, షుగరు మనిషికి గ్లూకోజు ఎక్కిస్తారా అని. కీటోన్లు ఆగాలంటే ఇన్సులిన్ ఇవ్వాలి, ఇన్సులిన్ ఇస్తే చక్కెర పడిపోకుండా గ్లూకోజు ఇవ్వాలి అని నర్సు ఓపిగ్గా చెప్పింది. ఐదు వారాలు ఆయన తప్పించుకున్న చక్కెర చుక్క చుక్కగా లోపలికి వెళ్తుంటే అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాం.

ఆయన భార్య మమ్మల్ని ఏమీ అనలేదు. ఒక్కసారే, మంచినీళ్ల సీసా అందిస్తూ, "మీరు మొదలెట్టినప్పుడు డాక్టరుకి చూపించుకున్నారా అమ్మగారూ?" అంది. అవునమ్మా అన్నాం. "ఆ రోజు చెప్పలేదు మరి" అంది. అందులో నిందేమీ వినిపించలేదు. బజారులో ఏదో ధర అడిగినట్టు అడిగింది.

మూడు రోజులకు ఆయన ఐసీయూ బయటికి వచ్చారు. ఎనిమిదో రోజు ఇంటికొచ్చారు. ప్రభువుకు స్తోత్రం. ఆ డాక్టరమ్మకూ స్తోత్రం అనాలనిపిస్తుంది గానీ అనకూడదు, కృతజ్ఞతలు అంటాం.

ఆ రాత్రుల్లో మేము మొదటి సమూయేలు గ్రంథం చదువుకున్నాం. ఏలీ యాజకుడి చావు గురించి చదివితే, అతడు ఆసనం మీదినుంచి వెనక్కి పడి మెడ విరిగి చనిపోయాడనీ, 98 ఏళ్ల ముసలివాడనీ, బహు స్థూలకాయుడనీ ఉంటుంది. ఆ బరువు ఎక్కడినుంచి వచ్చిందో రెండో అధ్యాయంలో ఉంది. కొవ్వంతా దేవునిదని ధర్మశాస్త్రం చెబితే, అతని కొడుకులు కొవ్వు దహించకముందే మాంసం లాక్కున్నారు, ప్రజల అర్పణల్లో శ్రేష్ఠమైనదాంతో మిమ్మల్ని మీరు కొవ్వబెట్టుకున్నారని దేవుడు ఏలీనే అడిగాడు. 94 కిలోలున్నప్పుడు ఈ భాగం మాకు గుచ్చుకునేది. 79కి వచ్చాక ఇక మాది కాదనుకున్నాం. ఐసీయూ బయట కుర్చీలో చదివితే మళ్లీ మాదే అయింది. ఏలీ సంఘాన్ని తిని లావయ్యాడు. మేము తగ్గి, ఆ తగ్గడాన్ని సంఘానికి చూపించి స్తోత్రాలు తిన్నాం.

సాక్ష్యానికి ఎంత బలముందో తెలియక కాదు. 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన తన లావు తగ్గిన కథ ఒక చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. అంత్యక్రియలు జరిపించడం ఆయన వృత్తి. 92 కిలోల దగ్గర బయలుదేరి ఏడాదిలో 71 దాకా వచ్చాడు, రొట్టె, చక్కెర, బంగాళాదుంపలు, బీరు మానేసి. ఆ పుస్తకం ఎంత పాకిందంటే ఆయన ఇంటిపేరే ఇంగ్లీషులో ఒళ్లు తగ్గించుకోవడానికి మాటైపోయింది. మాకు కొట్టొచ్చినట్టు కనిపించింది ఇంకొకటి. చెవుడు వస్తోందని వెళితే చెవి వైద్యుడొకాయన ఈ తిండి చెప్పాడని బాంటింగ్ ఆ పుస్తకంలోనే ఒప్పుకున్నాడు. శవపేటికల మనిషి తన వైద్యుణ్ణి దాచుకోలేదు.

జనవరి మూడో ఆదివారం సంఘం ముందు నిలబడి ఇదంతా చెప్పాం. కోతల పండుగనాడు చెప్పనివి ఆ రోజు చెప్పాం. తెనాలి డాక్టరు గారి సంగతి, సగం మాత్ర సంగతి, రోజుకు రెండుసార్లు గుచ్చుకున్న వేళ్ల సంగతి. స్తోత్రాలు పలకలేదు. పెద్దాయన ముందు వరసలో కూర్చుని ఉన్నారు, చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది. ఆయన లేచి "తప్పు నాది కూడా, నేనూ అడగలేదు" అన్నారు. అలా అనకపోయి ఉంటే మాకు ఇంకొంచెం తేలికగా ఉండేది.

అప్పటినుంచి ఉపవాస ప్రార్థనలకు రెండు వారాల ముందే ఒక ప్రకటన చదువుతున్నాం. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు అట్టలు పట్టుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఉపవాసం ఉండొచ్చా, ఏది ఆపాలి, ఏది ఆపకూడదు అడగండి. గ్లిమెపిరైడ్ లాంటివైతే షుగరు పడిపోతుంది, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివైతే మీరు విన్నది జరగొచ్చు. మీ అంతట మీరు ఏదీ మానొద్దు, ఏదీ మొదలుపెట్టొద్దు. వాంతులు, కడుపునొప్పి, పెద్ద ఊపిరి వస్తే షుగరు మిషను అంకె చూసి ఊరుకోకండి, కీటోన్ పరీక్ష చేయమనండి. పక్క ఊరినుంచి వచ్చిన ప్రసంగీకుడొకాయన ఇది విని, అల్పవిశ్వాసం అన్నారు. ఆయనకు భోజనం పెట్టి పంపాం.

కీటో మేము కొనసాగించలేదు. కావాలంటే డాక్టరు చూస్తుండగా కొనసాగించవచ్చు, మానక తప్పదని ఎవరూ అనలేదు. దర్శనాలకు వెళ్లి అన్నం కుండ చూస్తే మాకే మనసొప్పలేదు. అన్నం తగ్గించి తింటున్నాం, పప్పు, గుడ్డు, ఆకుకూర పెంచి, సాయంత్రాలు కాలవ గట్టున నడుస్తూ. తగ్గిన 26 కిలోల్లో తొమ్మిది వెనక్కి వచ్చాయి. షుగరు సగటు ఏడు దగ్గర ఊగుతోంది. మెట్లెక్కితే ఆయాసం లేదు. తొమ్మిది కిలోలు వచ్చాయని పాత ఫోటో చూసినవాళ్లు అడుగుతారు. వచ్చాయని చెబుతున్నాం.

పోయిన బుధవారం చెరువుగట్టు మామ్మ ఇంట్లో ప్రార్థన. పీట వేసింది. అన్నం, చింతచిగురు పప్పు, కోడిగుడ్డు పులుసు. గరిటె పట్టుకుని మా పళ్లాల మీద ఆగి అడిగింది.

"డాక్టరు ఎంత పెట్టమన్నాడు అయ్యగారూ?"

చెప్పాం. ఆమె లోపలికి వెళ్లి ఒక చిన్న స్టీలు గిన్నె తెచ్చింది. మనవడికి పాలు పట్టిన గిన్నెట. దాంతో అన్నం కొలిచి ఒక్కొక్కరికి ఒక్కో గిన్నె బోర్లించింది, ఇసుక గూడులా నిలబడింది అన్నం. దాని నడుమ వేలితో గుంట చేసి పప్పు వేసింది.

"ఇంతేనా?" అంది.

ఇంతే మామ్మా అన్నాం.

"మరి పులుసు ఎక్కువ పోసుకోండి" అని గిన్నెడు పోసింది. ఇంకా పోయబోతుంటే ఇద్దరం పళ్లాల మీద చేతులు అడ్డం పెట్టాం. ఆమె గరిటె అలాగే పట్టుకుని, మేము చేతులు తీసేదాకా నిలబడింది.